ఈ జ్వరం ఎక్కడిది?

ఎముక మజ్జ జబ్బుతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారికి ఒక్కోసారి జ్వరం వస్తుంది. పరీక్షలన్నీ చేసినా కారణం దొరకదు. మేరీ క్యూరీ, ఎలినార్ రూజ్‌వెల్ట్‌ల ఆఖరి రోజుల నుంచి 2020లో బయటపడిన కొత్త జబ్బు దాకా ఆ జ్వరం వెంట పడిన వైద్యుల కథ ఇది.

1962 ఆగస్టులో ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు జ్వరం పట్టుకుంది. అమెరికా అధ్యక్షుడి భార్యగా పన్నెండేళ్లు శ్వేతసౌధంలో ఉన్న మనిషి ఆమె. మానవ హక్కుల విశ్వప్రకటనను రూపొందించిన ఐక్యరాజ్య సమితి సంఘానికి అధ్యక్షురాలు. 1952లో మన దేశమంతా తిరిగి వెళ్లి దాని మీద పుస్తకం కూడా రాశారు. అలాంటి మనిషికి న్యూయార్క్‌లో వైద్యానికి ఏం కొదవ? కొలంబియా ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో పేరున్న నిపుణులు చూశారు. ఎక్స్‌రే తీశారు, రక్తం పరీక్షించారు. జ్వరం మాత్రం వస్తూ పోతూనే ఉంది.

అప్పటికి రెండేళ్ల క్రితమే ఆమె వైద్యుడు డేవిడ్ గురెవిచ్ అసలు జబ్బు కనిపెట్టారు. ఎముక మజ్జ రక్తకణాలను సరిగా తయారు చేయడం లేదు. దాన్ని అప్లాస్టిక్ ఎనీమియా అన్నారు. 1962 నాటికి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోయాయి. రక్తం ఎక్కించారు. మజ్జను లేపడానికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అంతకు మించి చేయగలిగింది పెద్దగా లేదు.

స్టెరాయిడ్ ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది. ఆమెకు 1919లో ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే వాపు అది. దాని వెనక క్షయ ఉందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఆ క్రిములు నలభై ఏళ్లకు పైగా ఛాతీలో నిద్రపోయాయి. 1962లో లేచాయి.

వైద్యులకు క్షయ అనుమానం రాకపోలేదు. ఎక్స్‌రేలో పాత మచ్చలు తప్ప కొత్తగా ఏమీ కనిపించలేదు. లుకేమియాగా మారుతోందేమో అని కూడా తర్జనభర్జన పడ్డారు. సెప్టెంబరు చివర్లో మళ్లీ ఆసుపత్రిలో చేర్చాక, ఎందుకైనా మంచిదని క్షయ మందులు ఐసోనియాజిడ్, స్ట్రెప్టోమైసిన్ మొదలుపెట్టారు. ఎముక మజ్జ తీసి కల్చర్‌కు పంపారు. క్షయ క్రిమి మెల్లగా పెరిగే రకం, జవాబుకు వారాలు పడుతుంది. ఆమె 78వ పుట్టినరోజు ఆసుపత్రిలోనే గడిచింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మని పట్టుబట్టారు, తీసుకెళ్లారు. అక్టోబరు చివర్లో కల్చర్ రిపోర్టు వచ్చింది. మజ్జలో క్షయ. నవంబరు 7న ఆమె కన్నుమూశారు.

నలభై ఏళ్లయ్యాక వైద్యుడు, చరిత్రకారుడు బారన్ లెర్నర్ ఆ కేసు కాగితాలన్నీ మళ్లీ తిరగేశారు. డాక్టర్లు క్షయను చూడలేకపోయారా అన్నది ఆయన ప్రశ్న. ఆ క్రిమి వాడిన రెండు మందులకూ లొంగని రకమని తేలింది. ముందే కనిపెట్టినా ఆమె బతికేవారని గట్టిగా చెప్పలేం. అయినా ఈ కేసును వైద్య విద్యార్థులకు ఇప్పటికీ చెప్పాల్సిందే. మజ్జ జబ్బు ఉన్నవారికి జ్వరం వస్తే, ఆ జబ్బు పేరే కళ్లకు అడ్డం పడుతుంది. ‘ఆయనకు ముందే అది ఉంది కదా’ అన్న మాటతో వెతుకులాట ఆగిపోతుంది.

అటునుంచి చూస్తే మేరీ క్యూరీ

దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మలాంటి కథ ఇంకొకటి ఉంది. 1934 మే నెలలో మేరీ క్యూరీ జ్వరంతో ప్రయోగశాల నుంచి ఇంటికి వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. వైద్యులు ఊపిరితిత్తుల్లో పాత క్షయ తిరగబెట్టిందని అనుకున్నారు. ఆ రోజుల్లో క్షయకు కొండగాలే మందు కాబట్టి, ఆ నీరసంలోనే రైలెక్కించి ఆల్ప్స్ కొండల్లోని సాన్సెల్‌మోజ్ శానిటోరియానికి చేర్చారు. అక్కడ మళ్లీ ఎక్స్‌రేలు తీస్తే ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ప్రయాణమంతా వృథా. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటింది, అంటే మన లెక్కలో 104. జెనీవా నుంచి వచ్చిన ప్రొఫెసర్ రోక్ రక్త పరీక్షలు పోల్చి చూశారు. ఎర్రకణాలు, తెల్లకణాలు రెండూ గబగబా పడిపోతున్నాయి. జబ్బు మజ్జలో ఉంది. దశాబ్దాల పాటు రేడియం దగ్గర, యుద్ధకాలంలో ఎక్స్‌రే యంత్రాల దగ్గర మసలిన ఒంట్లో మజ్జ మళ్లీ లేవలేనంతగా దెబ్బతింది. జులై 4న, 66 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు.

ఒకరికి క్షయ అనుకుంటే మజ్జ జబ్బు. ఇంకొకరికి మజ్జ జబ్బు అనుకుంటే దాని కింద క్షయ. రక్తజబ్బులు చూసే హెమటాలజిస్టు ఇవాళ్టికీ ఈ రెండు పొరపాట్ల మధ్య దారి వెతుక్కుంటూనే ఉంటాడు. పరికరాలు మాత్రం చాలా మారాయి.

చీము పట్టని ఒళ్లు

ఎముకల నడుమ ఉండే మజ్జ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలు, 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తయారు చేస్తుంది. క్రిమి లోపలికి రాగానే ముందు పరుగెత్తేది ఈ న్యూట్రోఫిల్సే. అవి చుట్టుముట్టి, మింగి, చచ్చి కుప్పగా పడితే దాన్నే చీము అంటాం. గడ్డ లేచినా, గొంతులో తెల్లపొర కట్టినా, దగ్గితే కళ్లె పడినా, ఎక్స్‌రేలో నిమోనియా తెల్లగా కనిపించినా అదంతా వాటి పోరాటం తాలూకు గుర్తే.

ఆ కణాలే లేకపోతే? వీధిలో కుక్కలు లేని రాత్రి దొంగ వచ్చిపోయినట్టు ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా దగ్గు ఉండదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. మూత్రంలో క్రిమి ఉన్నా చీము కణాలు కనిపించవు. మిగిలేది జ్వరం ఒక్కటే. అందుకే ఈ రోగుల్లో ‘కారణం లేని జ్వరం’ అంత ఎక్కువ. న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయి జ్వరం వచ్చినవారిలో ఇన్ఫెక్షన్ ఫలానా చోట ఉందని తేలేది నూటికి 20, 30 మందిలోనే. మిగతావారిలో ఎంత వెతికినా చోటు దొరకదు. అంతమాత్రాన ఇన్ఫెక్షన్ లేదని అర్థం కాదు.

అమెరికాలోని నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జెరాల్డ్ బోడీ బృందం 1966లో ఈ లెక్కను బయటపెట్టింది. లుకేమియా రోగుల్లో న్యూట్రోఫిల్స్ ఎంత తగ్గితే, ఎంత ఎక్కువ రోజులు తగ్గి ఉంటే, ఇన్ఫెక్షన్లు అంత పెరుగుతాయని అంకెలతో చూపింది. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే ప్రమాదమన్న ఇవాళ్టి గీతకు పునాది అలాంటి పనే. అప్పట్లో కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఆగి, క్రిమి పేరు తెలిశాక మందు ఇచ్చేవారు. సూడోమోనాస్ లాంటి క్రిమి అయితే రిపోర్టు చేతికి అందేలోపే మనిషి పోయేవాడు. 1971లో బాల్టిమోర్‌లో స్టీఫెన్ షింఫ్ బృందం ఆ పద్ధతిని తలకిందులు చేసింది. జ్వరం కనిపించిన వెంటనే కల్చర్‌కు రక్తం తీసి, జవాబు కోసం ఆగకుండా రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టింది. చావులు తగ్గాయి. పేరు తెలియని శత్రువు మీద ముందే బాణం వేయడం వైద్యంలో ఎప్పుడూ మంచి అలవాటు కాదు. ఇక్కడ మాత్రం అదే ప్రాణం నిలిపింది. నేటి నియమం ప్రకారం, న్యూట్రోఫిల్స్ తక్కువున్న మనిషి జ్వరంతో ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్లాలి.

మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ లాంటి జబ్బుల్లో ఇంకో చిక్కుంది. దీన్ని డాక్టర్లు ఎండీఎస్ అంటారు, ఎక్కువగా 60 దాటినవారికి వస్తుంది. ఇందులో న్యూట్రోఫిల్స్ అంకె బాగానే కనిపించినా, అవి పని చేతకాని కణాలై ఉండొచ్చు. రిపోర్టులో అంకె చూసి ధైర్యపడితే చాలదు.

మన ఊళ్లో జ్వరాల లెక్క వేరు

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన జిల్లాల్లో ఏ క్లినిక్‌కు వెళ్లినా జ్వరం, ప్లేట్‌లెట్లు అనే రెండు మాటలే వినిపిస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అని జనానికి బాగా అలవాటైపోయింది. మజ్జ జబ్బు ఉన్న మనిషికి ప్లేట్‌లెట్లు ఏడాది పొడవునా తక్కువే. వానాకాలంలో జ్వరం వచ్చి, జబ్బు సంగతి తెలియని చోట చేరితే నాలుగు రోజులు డెంగీ కిందే గడిచిపోతాయి. తిరగబడి కూడా జరుగుతుంది. నిజంగా డెంగీయో, మలేరియానో, టైఫాయిడో వస్తే ‘మజ్జ జబ్బు ముదిరింది’ అనుకుంటారు. చిత్తూరు, తిరుపతి వైపు వైద్యులకు బాగా తెలిసిన స్క్రబ్ టైఫస్ ఇంకొకటి. చంకలోనో, గజ్జలోనో సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి చిన్న మచ్చ చూస్తే చాలు, చవకైన డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆ మచ్చ చూడాలంటే రోగి చొక్కా విప్పించి వెతకాలి. స్కానింగ్‌లో అది దొరకదు.

అన్నిటికంటే పెద్దది క్షయే. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. రూజ్‌వెల్ట్ ఒంట్లో ఉన్నట్టే, మనలో కోట్లమంది ఒంట్లో ఆ క్రిమి నిద్రాణంగా ఉంటుంది. మజ్జ జబ్బుకు స్టెరాయిడ్ గానీ, అలాగే రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ గానీ మొదలుపెడితే అది లేవడానికి దారి తెరిచినట్టే. పైగా క్షయ తానే మజ్జలోకి చేరి మూడు రకాల కణాలనూ తగ్గించగలదు. ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడే ముడిపడుతుంది. నడుం వెనక తుంటి ఎముక నుంచి మజ్జ తీసే పరీక్ష పేరు చెబితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మత్తు సూది వేసి అరగంటలో ముగించే పని అది. ఆ చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడటంతో సరిపెట్టకుండా క్షయ కల్చర్‌కూ, ఫంగస్ కల్చర్‌కూ పంపమని అడగడం మరవకూడదు. రూజ్‌వెల్ట్ కాలంలో వారాలు పట్టిన జవాబు కోసం ఇప్పుడు సీబీనాట్ యంత్రం ఉంది, రెండు గంటల్లో క్షయ జన్యువు జాడనూ, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. క్రిములు తక్కువుంటే మజ్జలో ఆ యంత్రం కూడా పట్టుకోలేకపోవచ్చు. అందుకే కల్చర్ అవసరం తీరిపోలేదు.

యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టి నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే డాక్టర్ల చూపు ఫంగస్ మీదకు మళ్లుతుంది. గాలిలో ఎప్పుడూ తేలే ఆస్పర్‌జిల్లస్ బీజాలు మామూలు మనిషిని ఏమీ చేయవు. న్యూట్రోఫిల్స్ లేని ఊపిరితిత్తుల్లో మాత్రం వేళ్లూనుకుంటాయి. మామూలు ఎక్స్‌రేకు దొరకనిది సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది. ఆసుపత్రి పక్కనో లోపలో కట్టడం పనులు జరుగుతూ దుమ్ము లేస్తున్నప్పుడు ఈ ఇన్ఫెక్షన్లు పెరిగిన సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి.

విటమిన్‌తో దిగిన జ్వరం

మన దేశంలో ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. చెబితే నమ్మబుద్ధి కాదు. బీ12, ఫోలిక్ ఆమ్లం బాగా తగ్గినా మజ్జ కుంటుపడుతుంది. మూడు రకాల కణాలూ పడిపోతాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎండీఎస్ అనిపించేంత వింతగా కణాలు కనిపిస్తాయి. ఇలాంటి రోగుల్లో చాలామందికి జ్వరం కూడా ఉంటుంది. క్రిమి ఎక్కడా దొరకదు. విటమిన్ ఇచ్చిన రెండు మూడు రోజుల్లో జ్వరం దానంతట అదే దిగిపోతుంది. మజ్జలో సగంలోనే చచ్చిపోతున్న కణాల వల్లే ఆ వేడి అని వైద్యుల ఊహ. మాంసం, పాలు తక్కువగా తినేవారిలో, పేగు జబ్బులున్నవారిలో ఇది చూడాల్సిన మొదటి సంగతుల్లో ఒకటి. ఖర్చు కొద్ది వందల రూపాయలే.

ఈ దారి తెరిచినవారిలో మనవాడూ ఉన్నాడు. 1928లో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారంతో వాళ్లు కోలుకుంటున్నారని చూపారు. ఆ సారంలో దాగిన పదార్థమే ఫోలిక్ ఆమ్లం. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బు, మనవాళ్లు సంగ్రహణి అనేది, ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది. దానికి మందు కనుక్కోవాలన్న పట్టుదలే ఆయన్ను సముద్రాలు దాటించింది. ఆ బృందం చేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందుతోనే వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో బోస్టన్‌లో పిల్లల లుకేమియాకు తొలిసారి తాత్కాలిక ఉపశమనం తెచ్చారు. అదే ఏడాది లోకానికి అందిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. స్క్రబ్ టైఫస్‌కు ఇవాళ వాడే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. మజ్జకూ జ్వరానికీ ఇన్ని వైపుల నుంచి సంబంధం ఉన్న తెలుగువాడు ఇంకొకరు లేరు.

మజ్జే రాజేసే మంట

ఇన్ఫెక్షన్ లేదు, విటమిన్ లోటు లేదు, అయినా జ్వరం. అప్పుడు మజ్జనే అడగాలి. మైలోఫైబ్రోసిస్‌లో మజ్జ నారలా గట్టిపడుతుంది, ప్లీహం పొట్టంతా పెరుగుతుంది. రోగులు సన్నటి జ్వరంతో, రాత్రిళ్లు పక్క తడిసేంత చెమటతో, తగ్గిపోతున్న బరువుతో వస్తారు. అదుపు తప్పిన కణాలు వాపును రెచ్చగొట్టే రసాయనాలను విడవకుండా వదులుతుంటాయి. అవి మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే కేంద్రాన్ని పైకి తిప్పుతాయి. చాలామందిలో దీని వెనకున్న జాక్2 జన్యులోపాన్ని 2005లో కనిపెట్టారు, ఆ దారిని అడ్డుకునే రుక్సోలిటినిబ్‌కు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ మాత్రతో చాలామందికి ప్లీహం తగ్గి, చెమటలు, జ్వరం ఆగి, తిండి సయించింది. అదే మాత్ర నిద్రపోతున్న క్షయను లేపగలదు. దాన్ని వాడుతున్నవారికి మళ్లీ జ్వరం వస్తే ప్రశ్న మొదటికొస్తుంది. పాత జబ్బా, కొత్త క్షయా? మందు మొదలుపెట్టక ముందే క్షయ కోసం వెతకమని నియమాలు చెప్పేది ఇందుకే.

ఇంకొన్ని జ్వరాలకు క్యాలెండరే సాక్షి. సైక్లిక్ న్యూట్రోపీనియా అనే అరుదైన పుట్టుక జబ్బులో సుమారు 21 రోజులకోసారి న్యూట్రోఫిల్స్ సున్నా దగ్గరికి పడిపోతాయి. నోట్లో పుండ్లు, జ్వరం వచ్చి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజుకు అంకె మళ్లీ బాగుంటుంది. గోడ క్యాలెండర్ మీద జ్వరం వచ్చిన తేదీల చుట్టూ సున్నా చుట్టిన తల్లి తెచ్చే సమాచారం ఖరీదైన పరీక్షలకు కూడా దొరకదు.

రక్తం ఎక్కించుకున్న కొన్ని గంటల్లో వచ్చే చలిజ్వరం, కొత్త మందు మొదలుపెట్టాక వచ్చే జ్వరం, ఒంటి మీద నొప్పి పెట్టే ఎర్రటి దద్దుర్లతో కలిసి వచ్చే స్వీట్స్ సిండ్రోమ్... జాబితా పొడుగే. ఇందులో చివరిదాన్ని 1964లో ఆంగ్ల చర్మవైద్యుడు రాబర్ట్ స్వీట్ వర్ణించారు. కొందరిలో ఈ దద్దురే మజ్జ జబ్బుకు మొదటి కబురు.

ఇంట్లో ఉన్నవాళ్లు చేయాల్సింది

ఈ జబ్బులున్న ఇళ్లలో రాత్రి పది గంటలకు వినిపించే మాట ఒకటుంది: ‘ఒళ్లు కొంచెం వెచ్చగా ఉందండీ, ఒక డోలో వేసుకుని పడుకోండి, పొద్దున చూద్దాం.’ ప్రేమతోనే అంటారు. న్యూట్రోఫిల్స్ తక్కువున్న మనిషికి ఆ ఒక్క రాత్రి చాలా ఎక్కువ. మాత్రతో జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల క్రిమి దాని పని అది చేసుకుపోతుంది. థర్మామీటరు 101 చూపినా, 100.4 దగ్గర గంటసేపు నిలిచినా అప్పుడే బయల్దేరాలి. చివరి రక్త పరీక్ష కాగితం, మందుల చీటీ, రక్తం ఎక్కించిన తేదీలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోవాలి. ‘మా ఆయనకు మజ్జ జబ్బు, తెల్లకణాలు తక్కువ’ అని క్యాజువాలిటీలో మొదటి మాటగా చెప్పాలి. చెప్పకపోతే మామూలు జ్వరాల వరసలో కూర్చోబెడతారు.

ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లడమూ ప్రమాదమే. ప్లేట్‌లెట్లు తక్కువుంటే కండలో సూది గుచ్చిన చోట లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే జ్వరం మాయమై రోగం ముదురుతుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఈ రోగులు సొంతంగా వాడకూడదు. రాయలసీమ నుంచి వేలూరు సీఎంసీకీ, తెలంగాణ జిల్లాల నుంచి హైదరాబాద్ నిమ్స్‌కూ చికిత్సకు వెళ్లేవారికి అసలు చిక్కు దూరం. గంటలో మందు పడాలన్న నియమం ఉన్నా బస్సు ప్రయాణమే ఒక రాత్రి. తమ డాక్టరు రాసిచ్చిన ఒక పేజీ ఉత్తరం, ‘ఈ రోగికి జ్వరం వస్తే ముందు కల్చర్ తీసి ఫలానా యాంటీబయాటిక్ వేసి పంపండి’ అని, దగ్గరి జిల్లా ఆసుపత్రిలో చూపించేందుకు ఇంట్లో ఉంటే ఆ రాత్రి దాటుతుంది. ప్రతి హెమటాలజీ విభాగమూ ఇలాంటి ఉత్తరం ఇవ్వాలి. ఇవ్వకపోతే రోగులే అడిగి తీసుకోవాలి.

పాత ఫైళ్లలో కొత్త జబ్బు

ఎంత వెతికినా పేరు దొరకని జ్వరాలు అప్పటికీ మిగిలేవి. అరవై దాటిన మగవాళ్లు, తగ్గని జ్వరం, పెద్ద ఎర్రకణాలతో రక్తహీనత, వాచిన చెవి తమ్మెలు, చర్మం మీద దద్దుర్లు, ఊపిరితిత్తుల్లో వాపు. చర్మవైద్యుడు ఒక పేరు పెట్టేవాడు, కీళ్ల డాక్టరు ఇంకొకటి, హెమటాలజిస్టు ఎండీఎస్ అనేవాడు. ముగ్గురూ స్టెరాయిడ్ ఇచ్చేవారు. డోసు తగ్గించగానే జ్వరం తిరిగొచ్చేది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డేవిడ్ బెక్, పీటర్ గ్రేసన్, డేనియల్ కాస్ట్నర్ బృందం దీన్ని వెనక నుంచి పట్టుకుంది. లక్షణాలను బట్టి రోగుల్ని గుంపు చేసే పని మానేసింది. కారణం తెలియని వాపు జబ్బులున్న 2,500 మందికి పైగా జన్యు వివరాలు తీసుకుని, ఒకే పనికి సంబంధించిన 800కు పైగా జన్యువుల్లో ఉమ్మడి తప్పు కోసం చూసింది. ముందు ముగ్గురు మగవాళ్లలో యూబీఏ1 అనే జన్యువులో ఒకే చోట తప్పు కనిపించింది. వెతికితే 25 మంది అయ్యారు. అందరూ మగవాళ్లే, ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపం కాదిది. నడివయసు దాటాక మజ్జలోని ఒక మూలకణంలో పుట్టి, దాని సంతతి ద్వారా రక్తమంతా పాకుతుంది. 2020 అక్టోబరులో ఆ జబ్బుకు వెక్సస్ అని పేరు పెట్టి ప్రకటించేనాటికి ఆ 25 మందిలో 40 శాతం చనిపోయారు.

తర్వాత పెన్సిల్వేనియాలో లక్షా 63 వేల మంది జన్యు సమాచారం జల్లెడ పడితే, 50 దాటిన మగవాళ్లలో సుమారు 4,269 మందిలో ఒకరికి ఈ లోపం ఉన్నట్టు 2023లో తేలింది. అనుకున్నంత అరుదు కాదన్నమాట. మజ్జ స్లయిడ్‌లో కణాల లోపల బుడగల్లాంటి ఖాళీలు కనిపించడం దీని జాడ. అవి ఇంతకు ముందూ కనిపించాయి, వాటిని చూసి ఈ జబ్బును అనుమానించాలని ఎవరికీ తెలియదు. అజసైటిడిన్ మందుతో కొందరు నిలకడగా ఉన్నారు, మజ్జ మార్పిడితో కొందరిలో లోపమే పోయింది. ఖాయం చేసే పరీక్ష ఒక్క జన్యువు చదివే రక్త పరీక్ష. 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులే, మృదులాస్థి వాపు జబ్బు అని ముద్రపడిన 92 మంది పాత రోగుల జన్యువులు మళ్లీ చదివారు. అందులో ఏడుగురికి ఉన్నది వెక్సస్.